గడువు ఎవరు పెట్టారు? — ఉత్తర తెలంగాణ బడుల్లో పరీక్షల పంచాంగం

మన బడుల్లో పరీక్షలను గురించి జరిగే చర్చ అంతా ప్రశ్నపత్రం చుట్టూ తిరుగుతుంది. ప్రశ్నలు కఠినంగా వున్నాయా, సులభంగా వున్నాయా, బట్టీపట్టి రాయదగినవా, ఆలోచించి రాయవలసినవా అని వాదించుకుంటాము. కాని ఆ ప్రశ్నపత్రం ఏ తేదీన వస్తుంది, ఆ తేదీని నిర్ణయించినది ఎవరు, ఆనాటికి విద్యార్థి చేతిలో కలం వుంటుందా, పత్తి సంచి వుంటుందా అన్న ప్రశ్న మన విమర్శకుల దృష్టికి అంతగా రాలేదు. గడువు అనేది నిష్పక్షపాతమైన వస్తువని అందరమూ నమ్మాము. గోడమీది గడియారానికి కులమూ వర్గమూ లేవు గదా అనుకున్నాము. చాలాకాలం నేనూ అట్లాగే అనుకున్నాను. 2016లో అనేక జిల్లాలుగా విడిపోయిన పాత కరీంనగరు, పాత ఆదిలాబాదు జిల్లాలు రెండింటిలోనూ ఉద్యోగరీత్యా పనిచేసి, తొమ్మిది పది తరగతులకు సాంఘికశాస్త్రం చెప్పి, వేల గళ్లలో మార్కులు నింపిన తరువాత ఆ నమ్మకం నాలో నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

మా నాన్న జగిత్యాల దగ్గర ఒక బడిలో చదివేనాటికి ఇది నిజాం రాజ్యం. బడి రిజిస్టరులో తేదీలు ఫసలీ లెక్కన వుండేవట. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్ అంటూ ఆ నెలల పేర్లను ఆయన ముసలితనంలో కూడా తడుముకోకుండా ఒప్పజెప్పేవాడు. ఇంట్లో మా నాయనమ్మ లెక్క ఆషాఢం, శ్రావణం. పొలంలో లెక్క మృగశిర, ఆరుద్ర కార్తెలు. బడిలో లెక్క ఆజూర్, దై. ఒకే పిల్లవాడి నెత్తిమీద మూడు పంచాంగాలు! వీటిలో పరీక్షకు పనికివచ్చేది ఏలికల పంచాంగం ఒక్కటే. ఫసలీ అనే మాట పంట నుంచి వచ్చిందేనన్నది ఇక్కడి వింత. పంటమీద శిస్తు వసూలుకోసం పుట్టిన లెక్క అది. పంటను లెక్కించవచ్చిన సర్కారు ఆ పంట పండించేవాడి కొడుకు ఎప్పుడు బడికి రాగలడో మాత్రం లెక్కించలేదు.

భాష సంగతి చెప్పనే అక్కరలేదు. 1917లో ఫర్మానా వచ్చి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొన్నది. ఒక భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పడం ఆనాటికి సాహసమే; దానిని మనం తక్కువ చేయగూడదు. కాని ఆ భాష ఉర్దూ. తెలుగు మాట్లాడే కరీంనగరు రైతుబిడ్డ, గోండీ మాట్లాడే ఉట్నూరు బిడ్డ, మరాఠీ మాట్లాడే కిన్వట బిడ్డ — కిన్వట, రాజురా తాలూకాలు 1956 దాకా ఆదిలాబాదు జిల్లావే — ముగ్గురూ ఉన్నత పాఠశాలలో ఉర్దూలో చదివి, ఉర్దూలోనే జవాబు రాయాలి. హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి బి.ఏ. దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివి తెలుగులో మహాకవి అయినాడు. ఆయనను చూపించి ‘చూశారా, ఏం నష్టం జరిగింది?’ అనేవారు వున్నారు. గట్టెక్కినవాడిని చూపి వాగు లోతు లేదని చెప్పడం వంటిదే ఇది. 1951లో కూడా హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పదిమందిని మించలేదన్న సంగతిని దీని పక్కన పెట్టి చూడాలి.

ఆ రోజుల్లో ఆదిలాబాదు అడవుల్లో జరిగిన ఒక ప్రయోగాన్ని మన విద్యాచరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తరువాత, గోండుల అశాంతికి కారణమేమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం సర్కారుకు కలిగింది. హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వచ్చాడు, మార్లవాయిలో వున్నాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణాకేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారైనాయి. గోండు యువకులే గోండు పిల్లలకు పంతుళ్లయినారు. ఇది దొరలు దయతో ఇచ్చిన చదువు కాదు. భీం రక్తం పెట్టిన ఒత్తిడికి దొరలు చెల్లించిన అరకొర బాకీ. అయినా అందులో ఒక విశేషం వుంది. ఊరివాడే పంతులైనప్పుడు దండారి ఎప్పుడో, పెర్సపేన్ పూజ ఎప్పుడో, ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో అతనికి ఒకరు చెప్పనవసరం లేదు. బడిపంచాంగమూ ఊరిపంచాంగమూ ఒకే మనిషిలో కలుస్తాయి. గోండీ వాచకాల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. 1956 తరువాత తెలుగు బోధనాభాష అయింది. మనకు ఉర్దూ ఎట్లాగో వాళ్లకు తెలుగు అట్లాగ అయింది. నిన్న మన నెత్తిన వున్న బరువును మనం పక్కవాడి నెత్తిన పెట్టిన ఈ సంగతిని తెలుగు అధ్యాపకులమైన మనం ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాము.

స్వాతంత్ర్యం తరువాత పరీక్షల సంస్కరణ కోరని కమిషను లేదు. 1948–49 నాటి రాధాకృష్ణన్ కమిషను, ఒకే ఒక సంస్కరణను సూచించమంటే పరీక్షల సంస్కరణనే సూచిస్తామన్నది. 1952–53లో మొదలియార్ కమిషను బయటి పరీక్షల సంఖ్యను తగ్గించమన్నది. ఏడాది పొడుగునా విద్యార్థి చేసిన పనిని బడిలోనే నమోదు చేసి దానికి విలువ ఇవ్వమన్నది. 1964–66 కొఠారీ కమిషను కూడా ఆ దారినే నడిచింది. నివేదికలు బీరువాలకు వెళ్లాయి, మార్చి పరీక్ష మార్చి పరీక్షగానే మిగిలింది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడిన తరువాత అటువంటి పరీక్షలు మరి రెండేళ్లకు పెరిగాయి.

ప్రసంగవశాత్తు ఒక మాట. విప్లవం వస్తే పరీక్షలు పోతాయని మనలో కొందరు మిత్రులు నమ్ముతారు. సోవియట్ రష్యాలో 1918లో పరీక్షలను రద్దుచేసిన మాట నిజమే. 1930ల మొదట్లో మళ్లీ తెచ్చుకున్న మాట కూడా నిజమే. కనుక పరీక్ష వుండాలా వద్దా అన్న పిడివాదం దగ్గర ఆగకుండా, అది ఎవరి జీవితాన్ని కొలతగా తీసుకుని నిర్మించబడింది అన్నచోటికి మనం వెళ్లవలసి వుంది.

మా ప్రాంతంలో పరీక్షల పంచాంగం ఆగిన సందర్భాలు వున్నాయి. 1969లో విద్యార్థులు ఆపారు. బళ్లూ కాలేజీలూ నెలల తరబడి మూతబడి, ఎందరో ఒక విద్యాసంవత్సరాన్నే పోగొట్టుకున్నారు. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. అందులో ఉపాధ్యాయులం కూడా వున్నాము. సమ్మె అయిపోయిన తరువాత పాఠాలు వెనకబడ్డాయని ఆదివారాలు కూడా పిల్లలను పిలిపించి చెప్పాము. మార్చి తేదీ దగ్గరకు పిల్లలను పరుగెత్తించామే గాని, పిల్లల దగ్గరకు ఆ తేదీని తీసుకురావాలన్న ఆలోచన సమ్మె చేసి వచ్చిన మాకే తట్టలేదు. అలవాటు ఎంత బలమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం అనే మాటను శాసనంలోకి ఎక్కించింది. 2015 మార్చి పదో తరగతి నుంచి మా దగ్గర కొత్త పద్ధతి అమలైంది: బయటి పరీక్షకు 80, బడిలో వేసే అంతర్గత మార్కులు 20. ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు. ఒక్కొక్క దానిలో నాలుగు సాధనాలు: భాగస్వామ్యం–ప్రతిస్పందన, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష, తలా 5 మార్కులు. నాలుగింటి సగటు తీసి 20లో వేయాలి. కాగితం మీద ఇంతకంటే మంచి ఆలోచన మరొకటి లేదు. ఒక్కరోజు జ్వరం వచ్చినంత మాత్రాన ఏడాది చదువు గంగలో కలిసిపోదు. రాయలేని పిల్లవాడు మాట్లాడి చూపవచ్చు. ఊరి చెరువు చరిత్రను తాతను అడిగి రాసుకురావచ్చు. మొదలియార్ ఆశించింది ఇదే.

ఆచరణలో ఏమైంది? ఆరు సబ్జెక్టులు, నాలుగు సాధనాలు, నాలుగు విడతలు: ఒక్క విద్యార్థికి 96 గళ్లు. నలభైమంది వున్న తరగతికి 3,840. ఒక్క గడువును పగలగొట్టబోయి 96 గడువులు తయారుచేశాము. జూలై ఆఖరుకు మొదటిది, సెప్టెంబరు ఆఖరుకు రెండవది, తరువాత సంగ్రహణాత్మక పరీక్ష, డిసెంబరులో మూడవది, జనవరి దాటకుండా నాలుగవది, ఫిబ్రవరిలో ప్రీ ఫైనల్. ఇవిగాక పరీక్ష ఫీజు గడువు. అది దాటితే 50 రూపాయల అపరాధ రుసుము, అదీ దాటితే 200, ఆ పైన 500. ఆలస్యానికి ఇంత ధర కట్టడం చూస్తే నాకు పాత గడీల నాగు వడ్డీ గుర్తుకు వస్తుంది.

ప్రతి సబ్జెక్టు ఉపాధ్యాయుడూ తన పని ఒక్కటే వున్నట్టు గడువు పెడతాడు. నెలాఖరు వారంలో ఆరుగురి ఆరు ప్రాజెక్టులు ఒక్కసారిగా పిల్లవాడి మీద పడతాయి. అప్పుడు ఏమవుతుంది? పట్నంలో అయితే తండ్రి పుస్తకాల దుకాణానికి వెళ్లి తయారుగా వున్న చార్టు కొంటాడు. పల్లెలో అయితే ఒక్క అమ్మాయి రాసినదాన్ని పదిమంది చూసి దించుకుంటారు. ఉపాధ్యాయుడికి ఆ సంగతి తెలుసు. తెలిసీ 4 వేస్తాడు. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు గడి ఖాళీగా వుండగూడదు గనుక. ఇందులో ఎవరూ దొంగలు కారు. అందరిచేతా దొంగలెక్క రాయించే యంత్రం అది.

ఇక ఊరి పంచాంగం చూడండి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పరిసరాల్లో పదో తరగతి ఆడపిల్ల బడినుంచి ఇంటికి పోగానే ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటుంది. తల్లితో కలిసి వెయ్యి బీడీలు పూర్తిచేయాలి. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కట్టలు కట్టేసరికి రాత్రి తొమ్మిది. కంపెనీ గంప దగ్గర గడువంటే గడువే. బడి గడువు దాటితే మార్కు పోతుంది, గంప గడువు దాటితే తిండి పోతుంది. గోదావరిఖనిలో గని కార్మికుని ఇంట్లో తండ్రి షిఫ్టునుబట్టి ఇల్లు నిద్రపోతుంది, మేలుకొంటుంది. ఆదిలాబాదు నల్లరేగడిలో మొదటి వానకు పెట్టిన పత్తి అక్టోబరు ఆఖరునుంచి పగులుతుంది. జనవరి దాకా ఏరుతూనే వుండాలి. అంటే, మూడవ నాలుగవ మూల్యాంకనాలు రెండూ సరిగ్గా పత్తిచేలోనే పడుతున్నాయి. దీపావళి ముందు దండారి, గుస్సాడి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర. మార్చి ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఇప్పపువ్వు. ఆ తరువాత తునికాకు. ఈ పంచాంగాన్ని పక్కన పరచి పరీక్షల పట్టిక రాసిన అధికారిని నా సర్వీసులో నేను చూడలేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 2019–20లో నేను ఆదిలాబాదు వైపు ఒక బడిలో వున్నాను. పదో తరగతిలో ఒక అమ్మాయి, చురుకైనది. నేను ఊళ్ల పేర్లు చెబుతూ పొరపాటు పడితే లేచి దిద్దగలిగిన పిల్ల. నవంబరునుంచి వారానికి మూడు రోజులే వచ్చేది. రెండు ప్రాజెక్టులు ఇవ్వలేదు. నేను ఒకసారి ఇంటికి పోయి అడిగితే తల్లి నవ్వి, ‘‘పత్తి ఏరకుంటే పైసలు ఏడికెల్లి వస్తయి సారూ? గా ప్రాజెక్టు ఏందో మీరే చెప్పుండ్రి, రాత్రికి రాస్తది’’ అన్నది. రాత్రికి రాయలేదు. రోజంతా ఏరిన వేళ్లు రాత్రికి కలం పట్టవు. నాకు నియమాల మీద పట్టుదల ఎక్కువ. దొంగమార్కులు వేసేవారిని తిట్టేవాణ్ణి. నాలుగు విడతలకు సగటు తీసి 20కి 13 వేశాను. న్యాయంగానే వేశానని తృప్తిపడ్డాను. బయటి పరీక్షలో 80కి 70 తెచ్చుకుంటుంది, దీని లెక్క ఎంత అనుకున్నాను.

2020 మార్చి 19న పరీక్షలు మొదలై, మూడు పేపర్లు కాగానే హైకోర్టు ఉత్తర్వుతో ఆగిపోయాయి. కరోనా వచ్చి పడింది. జూన్ 8న మిగిలిన పరీక్షలు రద్దుచేసి, రాష్ట్రంలోని 5 లక్షల 34 వేల పైచిలుకు విద్యార్థులను అంతర్గత మార్కుల ఆధారంగానే ఉత్తీర్ణులను చేశారు. 20కి వచ్చినదాన్ని నూటికి పెంచారు. నా 13 కాస్తా 65 అయింది. బి–2, 7 పాయింట్లు. ఇతర సబ్జెక్టుల్లోనూ ఆమెది ఇంచుమించు అదే కథ. నూటికి నూరుమందికీ 20కి 20 వేసిన బడుల పిల్లలకు పది పాయింట్లు వచ్చాయి. మరుసటి ఏడు ఒక్క మొదటి మూల్యాంకనంతోనే ఫలితాలు ఇచ్చినప్పుడు పది పాయింట్లు వచ్చినవారు 2 లక్షలు దాటారు. బాసరలో 2008లో స్థాపించిన ట్రిపుల్ ఐటీ మా జిల్లా పేదపిల్లల పాలిటి పెద్ద ఆశ. పదో తరగతి గ్రేడుతో ప్రవేశం ఇస్తూ, సర్కారు బడి పిల్లలకు 0.4 కలుపుతూ వచ్చారు. ఏడు పాయింట్లకు 0.4 కలిపితే ఎంతవుతుంది? ఆ అమ్మాయి దరఖాస్తు కూడా పెట్టలేదు.

ఆమె తెలివి 65 కాదు. నేను కొలిచింది ఆమె చరిత్రజ్ఞానాన్ని కాదు, నవంబరు డిసెంబరుల్లో వాళ్ల చేలో ఎంత పత్తి వుందో దానిని. పిల్లలకు వర్గసంబంధాల పాఠం చెప్పిన నేను, నా చేతి మార్కుల రిజిస్టరులో ఆ వర్గసంబంధాన్నే ఎర్రసిరాతో నమోదు చేశాను. దొంగమార్కులు వేయలేదన్న నా గర్వం ఎవరికి పనికివచ్చింది?

ఇందుకు విరుగుడుగా అంతర్గత మార్కులను తీసివేయమనే వాదం బలపడింది. 2024 నవంబరులో అట్లాగే ఉత్తర్వు వచ్చింది: 20 లేదు, మొత్తం 100 మార్చి పరీక్షకే. విద్యాసంవత్సరం సగం గడిచిన తరువాత ఇదేమిటని అడిగితే మరునాడే వాయిదా వేశారు. పిల్లవాడి ప్రాజెక్టు ఒక్కరోజు ఆలస్యమైతే మార్కు కోసే వ్యవస్థ తన నిర్ణయాన్ని మాత్రం రాత్రికి రాత్రి మార్చుకోగలిగింది! నేను ఈ రద్దువాదాన్ని ఒప్పుకోను. ఒక్కరోజుకు అన్నీ అప్పగించడం ఏమిటో ఇంటర్మీడియట్ మనకు చూపుతూనే వుంది. 2019 ఏప్రిల్‌లో ఫలితాల్లో తప్పులు దొర్లి, 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్న సంగతి తెలుగునాట ఎవరూ మరిచిపోలేదు. అంతకంటే మా జిల్లాకు దగ్గరి సంఘటన 2024 ఫిబ్రవరి ఆఖరున జరిగింది. నిమిషం ఆలస్యమైనా లోనికి రానివ్వరాదన్న నిబంధన అప్పటికి కొన్నేళ్లుగా నడుస్తున్నది. ఆదిలాబాదు జిల్లాలో ఒక గోండు విద్యార్థి కొద్ది నిమిషాలు ఆలస్యంగా పరీక్షాకేంద్రానికి చేరాడు. గేటు మూసివుంది. తండ్రికి క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. వెంటనే బోర్డు ఐదు నిమిషాల సడలింపు ఇచ్చింది. ఇవ్వదగిన ఐదు నిమిషాలే అయితే అంతకుముందు రోజు ఎందుకు లేవు?

గడువులే వద్దని నేను అనడం లేదు. గడువు లేని పని పిల్లలకూ మంచిది కాదు, పెద్దలకూ మంచిది కాదు. ఈ వ్యాసమే సంపాదకులు రెండుసార్లు హెచ్చరించిన తరువాత పూర్తిచేశాను. నేను చెప్పేది గడువు పెట్టే గదిలో ఎవరెవరు కూర్చోవాలన్నదాన్ని గురించి.

ఆ జూన్ తరువాత మా బడిలో ఒక చిన్న పని మొదలుపెట్టాము. ఏడాది ప్రారంభంలో ఉపాధ్యాయులందరమూ ఒక గదిలో కూర్చుని, గోడకు ఒక పెద్ద పట్టిక కడతాము. అందులో మొదట పరీక్షలు రాయము. మొదట వానలు, పత్తి, దండారి, నాగోబా, ఇప్పపువ్వు రాస్తాము. ఆ తరువాత మిగిలిన ఖాళీల్లో పనులు పెడతాము. ఒక వారంలో ఒకటికి మించి ప్రాజెక్టు వుండగూడదు. తెలుగు ప్రాజెక్టూ సాంఘికశాస్త్రం ప్రాజెక్టూ ఒకే విషయం మీద కలిపి చేయవచ్చు. మార్కు రెండుచోట్లా పడుతుంది. డిసెంబరులో ఇవ్వవలసిన దానికి సరుకు సెప్టెంబరులోనే, అనగా చేనులో కలుపు అయిపోయి పత్తి పగలని రోజుల్లోనే, పిల్లలచేత సేకరింపజేస్తాము. చేలో వున్న పిల్లకు చేనే ప్రాజెక్టు: ఒక క్వింటాలు ఏరడానికి ఎందరు కూలీలు, ఎంత కూలి, మార్కెట్టులో తేమ పేరు చెప్పి ఎంత కోశారు. నా ఉద్యోగంలో నేను చదివిన ప్రాజెక్టులలో నకలు కొట్టడానికి వీలులేనివి ఇవే. గడువు దాటిన పనికి మార్కు కోయము. ఎందుకు దాటిందో ఒక వాక్యం రాయించి తీసుకుంటాము. ఆ వాక్యాలన్నీ ఒక ఫైలులో దాచాను. పై అధికారి ఒకాయన వచ్చి పట్టిక చూసి, ఇది బడి పట్టికా, వ్యవసాయ శాఖ పట్టికా అని అడిగాడు. పైనుంచి వచ్చే తేదీలకు ముందు మా పని పూర్తవుతున్నది గనుక మరేమీ అనలేదు.

దీనివల్ల అంతా బాగుపడిందని చెప్పను. 96 గళ్లు 96 గళ్లుగానే వున్నాయి. ఉపాధ్యాయుడు బదిలీ అయితే పట్టిక గోడమీదే వుండిపోతుంది. పత్తి ధర పడిపోయిన ఏడు ఏ పట్టికా పిల్లలను బడిలో నిలపలేదు.

కిందటిసారి పట్టిక కడుతూ నేను దండారికి మూడు రోజులు గీత గీశాను. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. పిలిస్తే లోపలికి వచ్చి, ‘‘మూడొద్దుల్ల కాదు సార్. మేము వేరే ఊరు పోతం, వాళ్లు మా ఊరు వస్తరు, మళ్ల దీపావళి ఎల్లినంక గని అయిపోదు’’ అన్నాడు. పెన్సిలు అతని చేతికిచ్చాను. నా గీతను తుడిచి, అతను రెండు వారాలకు పొడిగించాడు. నవంబరులో పెట్టుకున్న గణితం లఘు పరీక్షను మా గణితం టీచరు సణుగుతూ ముందుకు జరిపింది.